అవ్వకు శాలువా కాదు, శిష్యులు కావాలి

కోవూరు దగ్గరి ఒక ఊళ్లో, ఒంటిపూట బడులు మొదలైన వారంలో, జడ కోలాటం ప్రాక్టీసు చూశాను. బడి ఆవరణలో వేపచెట్టు కొమ్మకు పాత సైకిల్ చక్రం రిమ్ము ఒకటి వేలాడదీసి, దాని చుట్టూ పన్నెండు చీర పేలికలు కట్టారు. ఒక్కో పేలిక కొస ఒక్కొక్కరి ఎడమ చేతిలో, కుడి చేతిలో కోల. ఆరుగురు ఆడవాళ్లు, ఆరుగురు పిల్లలు. ఆడవాళ్లలో అందరికంటే చిన్నామెకు యాభై దాటి ఉంటాయి. నేర్పే అవ్వకు డెబ్భై మూడట. పిల్లలు ఆరు, ఏడు తరగతుల వాళ్లు. రామనవమికి గుడి ముందు ఆడాలని వాళ్ల పట్టుదల.

జడ కోలాటం చూడనివాళ్లకు ఒక మాట. సగం మంది కుడివైపు తిరుగుతారు, సగం మంది ఎడమవైపు. ఎదురొచ్చిన మనిషి కోలకు కోల తగిలించి, ఒకరిని లోపలి నుంచి, మరొకరిని బయటి నుంచి దాటుకుంటూ పోతుంటే పైన పేలికలు జడలా అల్లుకుంటాయి. తర్వాత అదే పాట మీద వెనక్కి తిరిగి ఆ జడను విప్పాలి. అల్లడం కంటే విప్పడం కష్టం. పన్నెండు మందిలో ఒక్కరు తప్పినా జడ ముడిపడి ఊరుకుంటుంది.

ఆ సాయంత్రం ముడిపడింది. ఒక పిల్లాడు తొందరపడ్డాడని అందరూ అనుకున్నారు. అవ్వ ఆపి, "ఏందబ్బయ్యా, అట్ట ఉరికితే ఎట్టా? కాళ్ల వంక చూడబాక. ఎదురొచ్చే మనిషి మొహంలోకి చూడు, కాళ్లు వాటంతటవే పోతాయి" అంది. వెనక్కి నడిచి అల్లిక విప్పుకుంటూ వస్తుంటే, రెండు జడల పాప ఒకతి నెమ్మదిగా, "అవ్వా, ఈడ నువ్వు బయటినుంచి రావాల. లోపల్నుంచి వచ్చినావు" అంది. అవ్వ పైకి చూసింది, పేలిక వరస చూసుకుంది. "అవునే, నేనే తప్పు పోయినా" అని నవ్వేసింది. తిట్లు తిన్న పిల్లాడి మొహం వెలిగిపోయింది. మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నారు.

విరామంలో మంచినీళ్లు తాగుతున్నప్పుడు అడిగాను, "కోలాటం మొదలుపెట్టాక మోకాళ్ల నొప్పులు తగ్గినాయా అవ్వా?" అని. "నొప్పులు యాడికి పోతాయి నాయనా, ఉండాయి. అయితే పొద్దుగూకేసరికి వీళ్లొచ్చి తలుపు కొడతారు గదా, లెయ్యాల్సిందే."

ఊరి కళలు మనుషులకు మేలు చేస్తాయని, పెద్దలను పిల్లలను కలుపుతాయని చాలాచోట్ల వింటుంటాం. ఆ మాట నిజమేనా? నిజమైతే ఆ మేలు ఎక్కడినుంచి వస్తోంది: పాటలోనుంచా, ఆటలోనుంచా, దేవుడి మీది భక్తిలోనుంచా? నాకు అర్థమైనంతలో జవాబు అవ్వ మాటలోనే ఉంది. మేలు చేసేది ప్రదర్శన కంటే ఎక్కువగా రిహార్సల్. తలుపు కొట్టడం. అయితే ఈ జవాబును నమ్మాలంటే కొన్ని చిక్కులు విప్పుకోవాలి.

ఇటు పెద్దలు, అటు పిల్లలు

ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి వైపు, కనిగిరి చుట్టుపక్కల, వానలు ఎగ్గొట్టే మెట్ట పొలాలు, ఫ్లోరైడ్ నీళ్లు. పని వయసు వాళ్లు హైదరాబాద్, బెంగళూరు పోతారు. నెల్లూరులో పెన్న కింద నీళ్లున్న ఊళ్లలో కథ వేరు, ఫలితం మాత్రం అదే. అక్కడ కొడుకులు, కూతుళ్లు చదువుకుని పోయారు. మిగిలిన మనవళ్లనైనా ఊళ్లో ఉండనిస్తున్నామా? ఆరో తరగతి రాగానే ఎక్కువ మందిని టౌన్‌లో హాస్టల్ బడిలో వేస్తున్నాం. సంక్రాంతికి వచ్చిన మనవడు మూడు రోజులు ఫోన్ చూసుకుని వెళ్లిపోతాడు. తాతకు వాడితో ఏం మాట్లాడాలో తెలియదు. "బాగా చదువుతుండావా?" "ఆ." అంతటితో మాట అయిపోతుంది.

ఇందులో ఎవరి తప్పూ లేదు. కానీ దాని బరువు ఉంది. దేశంలో 45 ఏళ్లు దాటిన 72 వేల మందికి పైగా జనాన్ని పలకరించి చేసిన లాసీ అనే పెద్ద సర్వే 2017-18లో జరిగింది. అరవై దాటినవాళ్లలో 8.3 శాతం మందిలో తీవ్రమైన డిప్రెషన్ లక్షణాలు ఉండవచ్చని తేలింది. తమకు డిప్రెషన్ ఉందని డాక్టర్ చెప్పినట్టు చెప్పుకున్నవాళ్లు మాత్రం 0.8 శాతమే. పదిమందిలో తొమ్మిదిమంది బాధకు పేరే లేదన్నమాట. మన ఇళ్లలో ఆ బాధ వేరే మాటల్లో బయటికి వస్తుంది: నిద్ర పట్టడం లేదు, అన్నం సయించడం లేదు, గుండెల్లో ఏదో గుబులుగా ఉంది. మనం గ్యాస్ మాత్ర తెచ్చిస్తాం.

ఒంటరితనం ముసలివాళ్ల జబ్బు అనుకోవడం ఇంకో పొరపాటు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసిన కమిషన్ 2025లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. 13 నుంచి 29 ఏళ్ల వాళ్లలో 17 నుంచి 21 శాతం మంది ఒంటరిగా ఉన్నామన్నారు, అందులో టీనేజీ పిల్లలే ఎక్కువ. అవ్వ ఇంట్లో ఒక్కతే ఉంటుంది, మనవరాలు హాస్టల్లో నలభైమంది మధ్య ఒక్కతే ఉంటుంది. రెండు తరాలను కలపాలనే ఆలోచనకు ఆధారం ఇదే. ఇది పెద్దలకు చేసే సేవ అనుకుని మొదలుపెడితే సగం విషయం తప్పిపోతుంది.

లెక్కలు ఏం చెబుతున్నాయి, ఏం చెప్పడం లేదు

కళలకు, ఆరోగ్యానికి ఉన్న సంబంధం మీద 3,000కు పైగా అధ్యయనాలను పరిశీలించి ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2019లో ఒక నివేదిక తెచ్చింది. జబ్బులు రాకుండా ఆపడంలో, వచ్చినవాటిని తట్టుకోవడంలో కళలకు పాత్ర ఉందని అది చెప్పింది. ఇలాంటివి వాట్సాప్‌కు చేరేసరికి "పాట పాడితే బీపీ మాయం" అయిపోతుంది. అందుకే కాస్త నెమ్మదిగా చూద్దాం.

అదే ఏడాది బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనం చాలా పేరు తెచ్చుకుంది. ఇంగ్లండ్‌లో యాభై, ఆపై వయసున్న 6,710 మందిని 14 ఏళ్లపాటు గమనించారు. నాటకాలకు, కచేరీలకు, మ్యూజియాలకు కొన్ని నెలలకొకసారైనా వెళ్లేవాళ్లలో, అసలు వెళ్లనివాళ్లతో పోలిస్తే, ఆ కాలంలో చనిపోయే ముప్పు 31 శాతం తక్కువగా కనిపించింది. ఏడాదికి ఒకటి రెండుసార్లు వెళ్లేవాళ్లలో 14 శాతం తక్కువ. వినడానికి చాలా బాగుంది. కానీ నాటకానికి వెళ్లగలిగేది ఎవరు? కాళ్లు ఆడేవాళ్లు, చేతిలో నాలుగు రూపాయలు ఉన్నవాళ్లు, తోడు ఉన్నవాళ్లు. ఆరోగ్యం ఉంది కాబట్టి వెళ్లారా, వెళ్లారు కాబట్టి ఆరోగ్యంగా ఉన్నారా? డబ్బు, జబ్బులు, చదువు వంటి తేడాలను లెక్కలో సర్ది చూశాక కూడా సంబంధం నిలిచిందని పరిశోధకులు చెప్పారు. అయినా ఇది కారణాన్ని రుజువు చేయదని కూడా వాళ్లే చెప్పారు. పైగా అది చూసేవాళ్ల గురించిన అధ్యయనం, చేసేవాళ్ల గురించి కాదు. మన కోలాటానికి దాన్ని యథాతథంగా అతికించకూడదు.

ఈ చిక్కు తీరాలంటే చీటీలు తీసినట్టుగా మనుషుల్ని రెండు గుంపులు చేసి, ఒక గుంపుతో పాడించి, రెండో గుంపును మామూలుగా ఉండనిచ్చి పోల్చాలి. అలాంటిదీ జరిగింది. ఇంగ్లండ్‌లో అరవై దాటిన 258 మందితో చేసిన ప్రయోగం ఫలితాలు 2015లో వచ్చాయి. ఒక గుంపు 14 వారాలు, వారానికోసారి కలిసి పాడింది. మూడు నెలలప్పుడు కొలిస్తే పాడినవాళ్లలో ఆందోళన, దిగులు తగ్గాయి. ఆరు నెలలప్పుడూ మానసిక ఆరోగ్యం విషయంలో వాళ్లే మెరుగ్గా ఉన్నారు. నాకు ఎక్కువ ధైర్యం ఇచ్చింది ఈ చిన్న ప్రయోగమే. వాళ్లలో గాయకులు ఎవరూ లేకపోయినా ఫరవాలేదు, వారానికోసారి రావడమే పని.

మరి పాటే ఎందుకు, బుట్టలల్లినా అంతే మేలు వస్తుందా? దీనికీ ఒక జవాబు ఉంది. అదే 2015లో ఇంకో బృందం, కొత్తగా మొదలైన క్లాసులను ఏడు నెలలపాటు గమనించింది: కొన్ని పాట నేర్పేవి, కొన్ని చేతిపని, కొన్ని రచన. పాట క్లాసుల వాళ్లు తొందరగా దగ్గరయ్యారు. తక్కినవాళ్లకు ఆలస్యమైంది. కానీ ఏడు నెలలు గడిచేసరికి అందరి మధ్యా దగ్గరితనం ఒకే స్థాయికి చేరింది. అంటే పాటకు, తాళానికి బెరుకు పోగొట్టే శక్తి ఉంది. కలిసి గొంతెత్తినప్పుడు, కలిసి కోల తాటించినప్పుడు పరిచయం లేనివాళ్ల మధ్య అడ్డు తొందరగా తొలగుతుంది. ఆ తర్వాత పని చేసేది మాత్రం ఏడు నెలలు మానకుండా రావడమే. ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కే ఇళ్లలో పెద్దామె పక్కన కూర్చుని చిన్నది ఉప్పుకాగితంతో రుద్దుతూ ఉంటుందే, అక్కడ పాటా లేదు, స్టేజీ లేదు. అయినా అదే జరుగుతోంది.

డాన్స్ గురించి కూడా ఒకటి చెప్పాలి. 75 దాటిన 469 మందిని అమెరికాలో గమనించి 2003లో వెలువరించిన అధ్యయనంలో, ఒంటికి పని చెప్పే కాలక్షేపాల్లో డాన్స్ ఒక్కటే మతిమరుపు జబ్బు ముప్పు తక్కువగా ఉండటంతో ముడిపడి కనిపించింది. ఇది కూడా గమనింపే తప్ప రుజువు కాదు. అయినా జడ కోలాటంలో ఒక మనిషి ఏకకాలంలో ఎన్ని గుర్తుపెట్టుకోవాలో చూస్తే (పాట, అడుగు, లోపలా బయటా, ఎదుటి మనిషి కోల ఎత్తు) ఎందుకు అయి ఉండవచ్చో ఊహించడం కష్టం కాదు.

కాబట్టి కోలాటం బీపీ మాత్రకు బదులు కాదు. డిప్రెషన్ ముదిరిన మనిషికి డాక్టర్ కావాలి. ఈ మాట నిర్వాహకులు మొదటిరోజే గట్టిగా చెప్పాలి.

కలిపి కూర్చోబెడితే కలవరు

ఒక బడి వార్షికోత్సవానికి మా దూరపు బంధువైన పెద్దాయన ఒకరిని పిలిచారు. వయసులో ఉన్నప్పుడు పౌరాణిక నాటకాల్లో పద్యం ఎత్తుకుంటే పక్క ఊరికి వినిపించేదని పేరున్న మనిషి. పిల్లలకు పెద్దల విలువ తెలియాలని నిర్వాహకుల ఉద్దేశం, మంచి ఉద్దేశమే. రెండు గంటలు స్టేజీ మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. ఉపన్యాసాలయ్యాక శాలువా కప్పి, మెమెంటో చేతికిచ్చి ఫొటో తీశారు. ఆయన గొంతు సవరించుకున్నాడు. ఈలోపు డీజే మొదలైంది. పిల్లలెవరూ ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చాక ఆయన శాలువా మడత పెట్టి బీరువాలో పెడుతూ, "ఇది ఎనిమిదోది" అన్నాడు. ఆ గొంతులో సంతోషం లేదు.

ఎందుకలా అయింది? అమెరికా మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లో ఒక విషయం చెప్పాడు. ఆయన చూస్తున్నది జాతుల మధ్య ద్వేషాన్ని. కానీ అది తరాల మధ్య దూరానికీ సరిపోతుంది. రెండు గుంపుల్ని ఒకచోట చేర్చినంత మాత్రాన దూరం తగ్గదు. ఆ కలయికలో ఇద్దరికీ సమాన హోదా ఉండాలి, ఇద్దరికీ ఉమ్మడి లక్ష్యం ఉండాలి, ఒకరి సాయం లేనిదే ఇంకొకరికి పని జరగకూడదు, పైనున్నవాళ్ల మద్దతు ఉండాలి. శాలువా సభలో ఒకరు పైన, ఒకరు కింద. లక్ష్యం లేదు, సాయంతో పని లేదు. జడ కోలాటంలో అన్నీ ఉన్నాయి. ఏడో తరగతి పాప డెబ్భై మూడేళ్ల గురువు తప్పు పట్టుకోగలిగింది, ఎందుకంటే జడ వయసు చూసి ముడిపడదు. ఆ పాపకు అవ్వ మీద గౌరవం తగ్గిందా? అవ్వ తప్పు ఒప్పుకోవడం చూశాక పెరిగి ఉంటుందని నా నమ్మకం.

గౌరవించబడటం వేరు, అవసరం కావడం వేరు. మనం పెద్దలకు మొదటిది ధారాళంగా ఇస్తాం, రెండోది లాగేసుకుంటాం. "నువ్వు కూర్చో నాయనా, మేం చూసుకుంటాం" అంటాం ప్రేమగానే. వయసు మళ్లుతున్నకొద్దీ తర్వాతి తరానికి ఏదైనా అందించాలన్న కోరిక మనిషిలో బలపడుతుందని, అది తీరకపోతే లోపల గడ్డకట్టుకుపోతాడని ఎరిక్ ఎరిక్సన్ అనే మనస్తత్వవేత్త చెప్పాడు. మన పెద్దలు దాన్ని ఇంకా సూటిగా చెబుతారు: "నాతోనే పోతుంది ఇది" అని.

తెర వెనక కుటుంబం

తరాలను కలిపే కళ అనేది కొత్తగా కనిపెట్టాల్సింది కాదు. తోలుబొమ్మలాట మొత్తం దాని మీదే నిలబడింది. నెల్లూరు, ప్రకాశం ఊళ్లలో ఒకప్పుడు వాన పడకపోతే విరాటపర్వం ఆడించేవాళ్లు. విరాటపర్వంతోనే భారత రచన మొదలుపెట్టిన తిక్కన నెల్లూరు మనిషి కావడం నాకెప్పుడూ ముచ్చటగా అనిపిస్తుంది.

ఆ తెర వెనక ఎవరుంటారో చూడండి. మేక తోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, వెలుతురు దూరేంత పలచన చేసి, ఆరబెట్టి, ఉలితో చిల్లులు పొడిచి, రంగులద్ది, కాళ్లూ చేతులూ విడివిడిగా కోసి దారంతో కుట్టిన బొమ్మ కొన్నిసార్లు నిలువెత్తు ఉంటుంది. దాన్ని రెండు చేతులా ఎత్తి ఆడించాలంటే వయసు కావాలి. పద్యం, కథ, ఏ ఘట్టంలో ఎక్కడ ఆపాలన్నది పెద్దాయన గొంతులో ఉంటుంది. సీత, ద్రౌపది మాటలు ఆడవాళ్లవి. బంగారక్క, జుట్టుపోలిగాడు వచ్చినప్పుడు జనం నవ్వుతారు, నిద్రపోయే పిల్లలు లేస్తారు. ఆ ఇంటి పిల్లలు కాలి కింద చెక్క టకటకలాడించడంతో మొదలుపెట్టి, బొమ్మలు అందివ్వడం నేర్చి, ఏళ్లు గడిచాక తెర ముందుకు వస్తారు. ఎవరి వయసుకు తగ్గ పని వాళ్లకుంది.

అయితే ఈ ముచ్చట చెప్పేటప్పుడు ఒక నిజాన్ని దాచకూడదు. అది కళ ఒక్కటే కాదు, కులవృత్తి, కూడు. ఇంట్లో ఆరె మరాఠీ మాట్లాడుకుంటూ తెలుగులో భారతం పాడిన ఆ కుటుంబాలకు ఊరు గింజలు పెట్టింది గానీ, ఊరి మధ్యలో ఇల్లు ఇవ్వలేదు. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇప్పుడు చాలామంది అదే చేత్తో లాంప్‌షేడ్లు చేసి బతుకుతున్నారు. వాళ్ల పిల్లలు వేరే ఉద్యోగం కోరుకుంటే దాన్ని "కళ పట్ల నిర్లక్ష్యం" అనే హక్కు మనకు లేదు. డప్పు సంగతీ అంతే. డప్పు కొట్టడాన్ని ఒక కులానికి అంటగట్టి, చావుకు పిలిచి, దూరంగా నిలబెట్టిన ఊరు ఇవాళ "మన సంస్కృతి" అని పిల్లల చేత డప్పు పట్టిస్తే, నేర్పే మనిషికి ముందు కుర్చీ వేయాలి, ఫీజు ఇవ్వాలి. రాష్ట్రంలో డప్పు కళాకారులకు నెలకు 4,000 రూపాయల పింఛను ఉంది. అది బతకడానికి ఇచ్చేది. పిల్లలకు నేర్పినందుకు ఇచ్చే గురుదక్షిణ వేరే లెక్క.

నోరు విప్పాక ఏం జరుగుతుంది

కళ మేలు చేస్తుందంటే అందరూ నవ్వుతూ ఇంటికి పోతారని కాదు. దానికి నెల్లూరు జిల్లాకంటే మంచి సాక్ష్యం లేదు. 1990ల మొదట్లో ఇక్కడ సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. చదువుకు రమ్మంటే రాని జనాన్ని కదిలించడానికి కళాజాతాలు ఊరూరా తిరిగాయి, పాటలు పాడాయి, వీధి నాటకాలు వేశాయి. ఊళ్లోని చదువుకున్న కుర్రకారు వాలంటీర్లుగా రాత్రిబడులు నడిపారు. పగలంతా కూలి చేసిన ఆడవాళ్లు లాంతరు వెలుగులో పలక పట్టుకున్నారు, అందులో పాఠాలు చెప్పేవాడికి తల్లి వయసున్నవాళ్లూ ఉన్నారు.

అక్కడ అక్షరాల కంటే ముందు వచ్చింది మాట. మొగుడి కూలి డబ్బంతా సారా కొట్టుకు పోతోందన్న మాట. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు సారాను ఊళ్లోంచి తరిమారు. వాళ్ల కథే కొత్తగా చదువు నేర్చినవాళ్లకు పాఠమైంది, ఆ పాఠం చదివిన ఊళ్లు ఒకదాని వెంట ఒకటి లేచాయి. సారా వేలంపాటలు జరగనివ్వలేదు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు.

పాటతో మొదలైన పని అక్కడికి పోతుందని మొదలుపెట్టినవాళ్లు అనుకోలేదు. నేను దీన్ని తరచూ గుర్తుచేసుకుంటాను, ఎందుకంటే మనుషుల్ని వారం వారం ఒకచోట చేర్చి, గొంతు విప్పమన్నాక, ఏం బయటికి వస్తుందో మన చేతిలో ఉండదు. కోలాటం విరామంలో ఒక అవ్వ కోడలు కొడుతోందని చెప్పవచ్చు. ఒక పిల్ల హాస్టల్లో ఏదో జరిగిందని చెప్పవచ్చు. అప్పుడు "ఇక్కడ అవన్నీ వద్దు, పాట పాడుకుందాం" అంటే ఆ మనిషి మళ్లీ నోరు విప్పదు. కనీసం ఎవరికి చెప్పాలో నిర్వాహకులకు తెలిసి ఉండాలి. మానసిక బాధలకు టెలిమానస్ 14416, వృద్ధుల ఇబ్బందులకు ఎల్డర్‌లైన్ 14567. రెండూ ఉచితం. పిల్లల విషయమైతే 1098. ఈ మూడు నంబర్లు ప్రాక్టీసు జరిగే చోట గోడ మీద రాసి ఉంచాలని నా మనవి.

మీ ఊళ్లో మొదలుపెట్టాలంటే

డబ్బు గురించి చాలామంది టెన్షన్ పడతారు. నేను చూసిన చోట ఖర్చు కోలలకు, మంచినీళ్లకు, గురువుగారికి ఇచ్చిన దానికి. కష్టమైనది వేరే ఉంది: వేళ. ఆడవాళ్లకు సాయంత్రం పాలు పిండే పని, పొయ్యి పని ఉంటుంది. పిల్లలకు ట్యూషన్ ఉంటుంది. పదో తరగతి పరీక్షల కాలంలో పెద్ద పిల్లల్ని అడగనే కూడదు. కోతలప్పుడు బడి ఆవరణలో వడ్లు ఆరబోస్తారు. వీటన్నిటి మధ్య వారానికి రెండు గంటలు దొరికే వేళను ఊరే ఎంచుకోవాలి. టౌన్ నుంచి వచ్చినవాళ్లు ఆదివారం పదింటికి అని పెడితే ఎవరూ రారు.

బడిని కలుపుకోవడం తేలిక. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక వడ్రంగి, కుమ్మరి, కళాకారుల దగ్గర పని నేర్చుకోవాలని చెబుతోంది. ఆ పది రోజుల్ని ఒకే ఊపున కాకుండా పది వారాలకు పరిస్తే, అదే బడి గంటల్లో ఒక అవ్వకు రెండున్నర నెలల శిష్యులు దొరుకుతారు. కాస్త పెద్ద ఎత్తున చేయాలనుకునే గురువులకు తంజావూరులోని దక్షిణ మండల సాంస్కృతిక కేంద్రం గురు-శిష్య పరంపర పథకం ఉంది. మన రాష్ట్రం దాని పరిధిలోదే.

పోటీలు మాత్రం పెట్టకండి, కనీసం మొదటి ఏడాది. పోటీ అనగానే అడుగు తడబడే అవ్వను పక్కన పెడతారు, నత్తి ఉన్న పిల్లాడికి కోరస్ కూడా ఇవ్వరు. ఎవరికోసం మొదలుపెట్టామో వాళ్లే మొదట బయటికి పోతారు. మగవాళ్ల సంగతి కూడా చూడాలి. కోలాటం జట్లు ఇప్పుడు ఎక్కువగా ఆడవాళ్లవే. ముసలి మగవాళ్లు రచ్చబండ మీదే మిగిలిపోయారు. చెక్కభజన, హార్మోనియం, పద్యం అంటే వాళ్లు కదులుతారు. ఊళ్లో అన్ని వీధుల పిల్లలూ వస్తున్నారా అని మొదటి వారమే లెక్క చూసుకోవాలి. గుడి ముందు ఆడేదైతే కొందరు రాకపోవచ్చు, అప్పుడు చోటు మార్చుకోవడమో, బడిలోనూ ఒకరోజు ఆడటమో చేయాలి. నెల్లూరులో బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెలు మార్చుకోవడానికి ఎవరు ఏ మతమని ఎవరూ అడగని జిల్లా మనది. ఇది మనకు చేతకాని పని కాదు.

రామనవమి అయ్యాక నేను మళ్లీ ఆ ఊరికి వెళ్లాను. గుడి ముందు ఆట బాగానే సాగిందట, విప్పేటప్పుడు ఒకచోట చిక్కుపడితే జనం కూడా "లోపల్నుంచి, లోపల్నుంచి" అని అరిచారట. బడి ఆవరణ నిండా వడ్లు ఆరబోసి ఉన్నాయి, వేపకొమ్మకు రిమ్ము లేదు. ప్రాక్టీసు ఆగిపోయి ఉంటుందనుకున్నాను. అవ్వ అరుగు మీద ఆ రెండు జడల పాప, ఇంకో ఇద్దరు పిల్లలు ఫోన్‌లో అవ్వ పాటలు రికార్డు చేస్తున్నారు. ఒక పాటలో మూడో చరణం అవ్వకు ఎంతకీ గుర్తు రావడం లేదు. కళ్లు మూసుకుని మొదటినుంచి పాడుకుంటూ వస్తోంది, అక్కడికి రాగానే ఆగిపోతోంది. పిల్లలు కదలకుండా కూర్చున్నారు. మూడోసారి కూడా రాకపోయేసరికి, అల్లూరు వైపు తన ఈడుదే ఒకామె ఉందని, చిన్నప్పుడు ఇద్దరూ ఒకే జట్టులో ఆడారని, ఆమెకైతే తప్పకుండా తెలుస్తుందని అవ్వ చెప్పింది.

ఆదివారానికి ఆటో మాట్లాడుకున్నారు.